మామతో మక్కా మసీదు

మలక్‌పేటలో పెళ్ళి నిన్నటితో అయిపోయింది. మామకు తిరుగు బస్సు సాయంత్రం. అప్పటిదాకా ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోబెడితే ఆయనకు పిచ్చెక్కుతుంది, ఆయనకంటే ముందు నాకెక్కుతుంది. ఎలాగూ లీవు పెట్టాను కదా అని "ఎటన్న పోదామా మామా?" అన్నాను. "నీ ఇష్టం అల్లుడా, మాల్‌కు మాత్రం తీస్కపోకు" అన్నాడు.

మా మేనమామది కరీంనగర్ పక్క ఊరు. ఉద్యోగాల గొడవ లేకుండా బతుకంతా మేస్త్రీగానే గడిపాడు. మొదట రాతి పని, తర్వాత ఇళ్ళు కట్టించడం. మోకాళ్ళ నొప్పులొచ్చి పని మానేశాడు గానీ చెయ్యి మానలేదు. ఎవరింటికి పోయినా కూర్చోకముందే గోడ తట్టి చూస్తాడు. నిన్న పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెడుతుంటే, ఫంక్షన్ హాలు పిల్లరు తూకం తప్పిందని నా చెవిలో చెప్పాడు. అలాంటి మనిషిని పాతబస్తీకి తీసుకెళ్ళడం నాకే సరదా అనిపించింది.

ఎంజీబీఎస్ దాకా మెట్రో, అక్కణ్ణించి ఆటో. మదీనా చౌరస్తాలో దిగిపోయి పత్తర్‌గట్టి మీదుగా నడిచాం. ఈ రోడ్డున నేను బట్టల కోసమే చాలాసార్లు తిరిగాను. దుకాణాల బోర్డుల మీదే కళ్ళుండేవి. మామ బోర్డులు చూడడు కదా. వాటి వెనకాల రోడ్డుకు రెండు పక్కలా సాగిపోయే రాతి కమానుల వరస చూసి ఆగిపోయాడు. 1908లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇలాంటివన్నీ కొత్తగా కట్టించారని చెప్పాను. ఒక స్తంభానికి కేబుల్ వైర్లు, ఏసీ పైపు, ఎవరిదో సైకిలు తాళం. ఆ సందులోంచే వేలు పెట్టి రాయి అంచును తడిమాడు. "మూల జూడు, బ్లేడ్ లెక్కుంది. మిషిన్ లేని కాలంల" అన్నాడు. దుకాణం కుర్రాడు మేం చీర కొంటామేమో అనుకుని "రండి సార్, లోపలికి రండి" అంటూనే ఉన్నాడు.

చార్మినార్ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. పైకెక్కుదామంటే మోకాళ్ళు వద్దన్నాయి. 1591 నాటి కట్టడం అంటే తలూపాడు. 2019లో ఒక మినారు నుంచి సున్నపు పని పెచ్చు ఊడి పడిందని చెబితే మాత్రం ఆసక్తిగా మెడ ఎత్తాడు. డంగు సున్నం గురించి పావుగంట చెప్పాడు. గానుగలో ఎంతసేపు తిప్పాలి, ఎన్నాళ్ళు నానబెట్టాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు ఎందుకు పోస్తారు... "మంచిగ నానితేనే నిలుస్తది. సిమెంట్ లెక్క తొందర పడితే పెచ్చులు లేస్తది" అన్నాడు. అన్ని వందల ఏళ్ళు ఎండా వానా తిన్నాక ఒక పెచ్చు ఊడితే అదేం పెద్ద లెక్కా అని కూడా అన్నాడు.

మక్కా మసీదు అక్కడికి నాలుగడుగులు. గేటు దగ్గర పోలీసులు, మెటల్ డిటెక్టర్, బ్యాగుల తనిఖీ. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ, లోపల బాంబు పేలింది. ఆ సాయంత్రం ఊరంతా ఎంత టెన్షన్‌గా ఉందో నాకు గుర్తుంది. మామకు ఆ సంగతి నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టాం. మామ తెల్ల పంచె, లాల్చీలో ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఆపలేదు. నా బ్యాగు మాత్రం రెండుసార్లు తెరిపించారు.

లోపల ఎంత పెద్ద ఆవరణో. పావురాలు గుంపులు గుంపులుగా గింజల మీద వాలి, ఏ పిల్లాడో పరిగెత్తగానే ఒక్కసారిగా లేస్తాయి. మధ్యాహ్నపు జుహర్ నమాజుకు ఇంకా టైముంది. కొలను గట్టున రాతి బల్లలున్నాయి, వాటి మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ ఎప్పుడో ఇక్కడికి వస్తారని చెప్పుకుంటారు. ఆ మాట చెప్పేలోపే మామ కూర్చున్నాడు. నమ్మకంతో కాదు, మోకాళ్ళ కోసం.

అక్కడ కూర్చునే ముఖభాగం మొత్తం చూశాం. ఐదు పెద్ద కమానులు, రెండు చివర్ల రెండు మినార్లు. నేను చరిత్ర మొదలుపెట్టాను. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా పునాది వేశాడు. ఆయన పోయాడు, పని అవలేదు. అబ్దుల్లా కుతుబ్ షా వచ్చాడు, అవలేదు. తానీషా వచ్చాడు, అప్పటికీ అవలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక, ఆయన కాలంలో 1694కు ముగిసింది. మొదలుపెట్టిన వంశం ఒకటి, ముగించింది ఆ వంశాన్ని ఓడించినవాడు.

మామ ఇదంతా విన్నాడో లేదో తెలియదు. చాలాసేపు మినార్ల వైపే చూసి, "గోడకు తగ్గ మినార్లు కావివి. కింద పని జేసినోని చెయ్యి వేరు, పైన వేరు. ఎవడో జల్ది ఖతం జేయమన్నడు" అన్నాడు. నాకూ ఎప్పుడూ అదే అనిపిస్తుంది. ఆ వెడల్పు ముందు ఆ మినార్లు పొట్టిగా ఆగిపోయినట్టుంటాయి. కాకపోతే అలా అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన చేతిపని చేసినవాడు, ఆయనకు చెల్లుతుంది.

దగ్గరికి వెళ్ళాం. నమాజు హాలు లోపలికి పోకుండా కమాను దగ్గర నిలబడి చూశాం. 220 ఫీట్ల పొడవు, 180 వెడల్పు, 75 ఎత్తు. మామకు మీటర్లలో చెబితే ఎక్కదు. పైకప్పును మోసే కమానులు పదిహేను, వరసకు ఐదు చొప్పున. పది వేల మంది ఒకేసారి నమాజు చేసుకోవచ్చంటారు. పైనుంచి షాండ్లియర్లు వేలాడుతున్నాయి. మామ వాటిని చూడనే లేదు. అరచెయ్యి రాయి మీద ఆనించి, నెమ్మదిగా పక్కకు జరుపుకుంటూ పోయాడు. నునుపు ఉన్న చోట ఆగలేదు, గరుకు తగిలిన చోట ఆగాడు. అక్కడ ఉలి గాట్లు వాలుగా, ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. "వీడు ఎడమచేతి వాటం మనిషి" అన్నాడు. ఎలా తెలుసని అడిగితే తను ఉలి పట్టుకున్నట్టు నిలబడి, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి గాలిలో కొట్టి చూపించాడు. ఔనో కాదో చెప్పగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పక్కన ఫోటోలు తీసుకుంటున్న కాలేజీ కుర్రాళ్ళు మా వంకే చూస్తున్నారు.

ఈ కమానులను ఒక్కో రాయితోనే చెక్కారని చాలాచోట్ల రాస్తారు. మామ మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, "ఒక్క రాయి అంటే నేను నమ్మ" అని తేల్చేశాడు. అప్పుడు టావెర్నియే సంగతి చెప్పాను. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి. గోల్కొండకు వచ్చినప్పుడు ఈ మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. లోపల మక్కా దిక్కున ఉండే గూడుకు వాడిన బండ ఒక్కటేనని, గని నుంచి దాన్ని తీయడానికే ఐదేళ్ళు పట్టిందని, ఐదారు వందల మంది ఎడతెగకుండా పని చేశారని, దాన్ని లాగడానికి 1400 ఎడ్లు కావలసివచ్చాయని తనతో అన్నారని రాసుకున్నాడు.

ఇది మామకు పట్టింది. "గూడంటే నమ్ముత" అన్నాడు. తర్వాత వరసగా ప్రశ్నలు. "పద్నాల్గు వందల ఎడ్లకు గడ్డేసిందెవడు? నీళ్ళేడ తాపిన్రు? ముందటి ఎద్దు కదిలితే ఎనక ఎద్దుకు తెల్వాలె కదా, కేక ఎవడు పెట్టిండు?" నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ తాత కాలంలో బండ మీద మంటలు పెట్టి, కాలిన పొర విడదీసేవాళ్ళట. ఆ తర్వాత ఉలితో వరసగా రంధ్రాలు వేసి, ఇనుప చీలలు దిగ్గొట్టి, చీలిక వచ్చేదాకా ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ. "ఒక్క దాని మీద రెండు దెబ్బలేస్తే బండ ఆగమైతది. ఐదేండ్లు పట్టిందంటే, తెలిసినోళ్ళే చేసిన్రు" అన్నాడు. నడిమి కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలున్నాయని, మసీదుకు ఆ పేరు అందుకే వచ్చిందని చెప్పాను. ఇటుకలు ఎక్కడా కనిపించలేదని కొంచెం నిరాశపడ్డాడు.

ఈ పని దగ్గరుండి చూసుకున్నవాళ్ళలో మీర్ ఫైజుల్లా బేగ్‌తో పాటు రంగయ్య చౌదరి అనే ఆయన పేరు కూడా చరిత్రలో ఉంది. అది చెప్పగానే మామ మొహం వెలిగిపోయింది. "రంగయ్యనా? మన రంగయ్యే?" మన ఊళ్ళో పక్కింటాయన గురించి అడిగినట్టే అడిగాడు. ఆ తర్వాత రోజంతా మసీదును "రంగయ్య పని" అనే అన్నాడు.

బయటికి వస్తూ ఆసఫ్‌జాహీల సమాధుల దగ్గర ఆగాం. కమానుల కింద, వరసగా పాలరాతి సమాధులు. రెండో నిజాం దగ్గర్నుంచి 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాకా ఇక్కడున్నారు. మామ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి, "ఏడో ఆయన ఏడి?" అన్నాడు. ఆయన సమాధి కింగ్‌కోఠి దగ్గర జూదీ మసీదులో ఉంది, అమ్మ పక్కన. "గట్లనా" అని ఊరుకున్నాడు. మా తాత రజాకార్ల కాలంలో జొన్న చేనులో రాత్రుళ్ళు దాక్కున్న కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. మామ ఇక్కడ ఆ ఊసెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. పాలరాయి ఏ ఊరిదో అడిగాడంతే.

ఆకలి దంచేస్తోంది. భోజనం సంగతి దాటేస్తాను, బిర్యానీ గురించి రాయడానికి హైదరాబాదులో మనుషుల కొరత లేదు. అత్తయ్య ఫోన్‌లో ముందే చెప్పింది, లక్క గాజులు, రెండు ఆరు సైజు, ఎరుపు. లాడ్ బజార్‌లో మూడో దుకాణంలో కూర్చున్నాం. 2024లో ఈ లక్క గాజులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సంగతి దుకాణాయన తెలుగులోనే చెప్పాడు, ధర చెప్పే ముందు. మామ ధర వదిలేసి తయారీ అడిగాడు. దాంతో ఆయన మమ్మల్ని వెనక సందులోని చిన్న గదికి పంపాడు. అక్కడ ఒక పెద్దావిడ బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని ఉంది. మెత్తబడిన లక్కను బల్ల మీద కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, చివరలు వేడితో అతికించింది. అతుకు ఎక్కడుందో మళ్ళీ చూస్తే కనిపించలేదు. ఇంకో అమ్మాయి వేడి మీదున్న గాజుకు అద్దపు రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతోంది. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడైతే రాయి లోపలికి కుంగిపోతుంది. ఆ మధ్యలో దొరికే కొద్దిపాటి టైములోనే చెయ్యి ఆడాలి. వేళ్ళ చివర్లు నల్లగా, గట్టిపడి ఉన్నాయి. మామ తన అరచేతులు చూపించి నవ్వాడు, ఆవిడా నవ్వింది. ఉర్దూ తెలుగూ అక్కర్లేకపోయింది. ముందుకొచ్చాక గాజులకు బేరం ఆడదామని నేను నోరు తెరిస్తే, మామ మోచేత్తో పొడిచి అడిగినంతా ఇప్పించాడు. సిమెంటు బస్తా దగ్గర ఐదు రూపాయలకు గొడవపడే మనిషి!

మసీదు గోడ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ తాగుతూ దమ్డీ మసీదు కథ చెప్పాను. అసలు పేరు టోలీ మసీదు, కారవాన్‌లో ఉంది. మక్కా మసీదు పనులు చూసిన మూసా ఖాన్ 1671లో కట్టించాడు. ఇక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్డీ, అంటే ఒక చిల్లర నాణెం, ఆయనకు ముట్టేదట, ఆ దమ్డీలన్నీ కూడబెట్టి అక్కడో మసీదు కట్టాడని జనం చెప్పుకునే మాట. మామ చాయ్ పొలమారేంత నవ్వాడు. "అంటే కమీషన్! గుత్తేదార్లు అప్పుడు గూడ అదే లెక్కన్నట్టు. కాని ఈయన నయం, మసీదు గట్టిండు, మనోళ్ళైతే ఫంక్షన్ హాల్ గడతరు." తర్వాత కప్పు కింద పెట్టి లేచాడు. "నడువు, అది జూడాలె."

"బస్సు?"

"ఇంకోటి ఉంటది."

పురానాపూల్ మీదుగా ఆటోలో, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ కారవాన్ చేరేసరికి ఎండ పచ్చబడింది. చిన్నదే. ఐదు కమానుల ముఖం, రెండు మినార్లు. కానీ ఖాళీ వదలకుండా సున్నపు నగిషీ. మక్కా మసీదులో రాయి బరువు చూసొచ్చిన కళ్ళకు ఇదంతా వేళ్ళ కొసలతో చేసినట్టుంది. మామ మోకాళ్ళు మర్చిపోయి ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు. పువ్వుల దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "రంగయ్య పని బలం. ఇది పనితనం" అన్నాడు. నన్నడిగితే నాకు పెద్దదే ఇష్టం. ఆ మాట అన్నాను. రోడ్డు మీదే వాదన మొదలైంది, ఆటోవాడు కూడా దిగొచ్చి మామ వైపు చేరాడు.

ఇంతలో అత్తయ్య ఫోను. "యేడున్నరు? బస్సెక్కిన్రా?"

"ఆఁ, గిప్పుడే ఎక్కిన" అన్నాడు మామ, కళ్ళు పైన మినారు మీదే పెట్టి. "గాజులు ఎర్రయే తెచ్చిన."