పిలిస్తే రాని పుంజు

అమెరికాలో పెరిగే పిల్లలకి రెండు సంస్కృతులూ అందాలని మన తెలుగువాళ్ళం తెగ ఆరాటపడతాం. అందులో మన వాటా ఏమిటో అందరికీ తెలుసు. ఆదివారం తెలుగు బడి, కూచిపూడి, ఉగాది పచ్చడి, ఎండాకాలం సెలవుల్లో ఇండియా. ఇక్కడి వాటా మాత్రం స్కూలు, సాకర్, మాల్ దగ్గరే ఆగిపోతుంది. ఈ దేశంలో పల్లెల్లో తాతలు మనవలకి నేర్పే విద్యలు కొన్ని ఉన్నాయి. అవి మనకి తెలియవు, తెలుసుకోవాలని కూడా అనిపించదు. ఇంటి వెనక అడవి ఉంటే దాన్ని చూసి పిడుదులు పట్టుకుంటాయని భయపడతాం, అంతే.

మేముండేది పెన్సిల్వేనియా ఉత్తరాన, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం జింకల వేట కోసం బడికి సెలవిచ్చే ప్రాంతం ఇది. ఇలాంటి చోట పెరుగుతున్న మా అబ్బాయి పద్నాలుగో ఏట అడవి టర్కీ కోళ్ళ వేటకి వెళ్తానంటే మాకు వింతగా అనిపించింది కానీ, క్లాసులో పిల్లలెవరికీ అనిపించలేదు.

మావారు మొదట ససేమిరా అన్నారు. తుపాకీ అన్న మాట వింటేనే ఆయనకి టెన్షన్. ఇక్కడి వార్తలు చూసే తల్లిదండ్రులెవరికైనా ఉండే భయమే అది, తప్పనలేను. గోధుమరంగు చర్మంతో పిల్లవాడు తుపాకీ పట్టుకుని అడవిలో తిరగడం ఇంకో భయం. పైకి అనలేదు గానీ ఇద్దరికీ ఉంది. చివరికి కొన్ని షరతులు పెట్టుకున్నాం. రాష్ట్రం పెట్టే వేట శిక్షణ పాసవ్వాలి. తుపాకీ మా ఇంట్లో ఉండకూడదు. వీధి చివర పెద్దాయన లేకుండా అడుగు బయటపెట్టకూడదు. వీధిలో పిల్లలందరూ ఆయన్ని పాప్ అని పిలుస్తారు. మేమూ అలాగే పిలుస్తాం.

పాపం అన్న ప్రశ్న మా అత్తగారు ఫోన్లో లేవదీశారు. ప్రతి ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడే గుంటూరు వాళ్ళం మేము. ఆ మాట మీద ఎక్కువసేపు వాదించే హక్కు మాకుందని నేననుకోను.

ఈ పక్షి సంగతి చెప్పాలి. 1900 ప్రాంతానికి అడవులు నరికేసి, అడ్డూఅదుపూ లేకుండా వేటాడి, ఈ రాష్ట్రంలో టర్కీల్ని దాదాపు తుడిచిపెట్టేశారు. దక్షిణ మధ్య భాగంలో, మనుషులు ఎక్కలేని కొండల్లో కొన్ని మిగిలాయి. తర్వాత ప్రభుత్వమే ఫారాల్లో పెంచి అడవిలోకి వదిలింది. దశాబ్దాలపాటు ఆ ప్రయత్నం చేశారు. తల్లి వెనక తిరగకుండా పెరిగిన పక్షులు కావడంతో, నక్క వస్తే ఏం చేయాలో వాటికి తెలియలేదు, నిలవలేదు. చివరికి అడవిలో పుట్టి పెరిగినవాటినే ఫిరంగి వలలతో, అంటే మందుగుండుతో పక్షుల మీదికి విసిరే వలలతో పట్టి కొత్త కొండల్లో వదిలితే నిలదొక్కుకున్నాయి. దీని ఖర్చులో పెద్ద భాగం వేట లైసెన్సుల నుంచీ, తుపాకులూ తూటాల మీది పన్నులో 1937 చట్టం వన్యప్రాణుల కోసం కేటాయించిన డబ్బు నుంచీ వచ్చింది. వేటగాళ్ళ డబ్బుతో వేట పక్షి తిరిగొచ్చిందన్నది మావారికి ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఈ పెన్సిల్వేనియావాడే అయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో, దేశ చిహ్నం మీది గద్ద కంటే టర్కీయే మర్యాదగల పక్షి అన్నాడు. ఆ ఉత్తరం మావాడు వాళ్ళ నాన్నకి చదివి వినిపించాడు. పెద్దగా పని చేయలేదు.

వసంతకాలం వేటలో ఇక్కడ గడ్డం ఉన్న పక్షిని మాత్రమే కాల్చాలి. గడ్డమంటే రొమ్ము మీద వేలాడే, నల్లటి వెంట్రుకల్లాంటి ఈకల కుచ్చు. పొంచి పొంచి దాని వెంట వెళ్ళడం నిషిద్ధం, పిలిచి రప్పించుకోవాల్సిందే. ఈ నిబంధన మనుషుల ప్రాణాల కోసం. పొదల్లో పిలుస్తున్నది పక్షి కాకుండా ఇంకో వేటగాడు కావచ్చు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కలిసి ఉంటుంది కాబట్టి ఆ రంగు బట్టలు వేసుకోరు. నేను ఒకసారి వెంట వెళ్ళినప్పుడు నా ఎర్రంచు శాలువా, చేతి గాజులు ఇంట్లోనే వదిలి రమ్మన్నారు.

ఆ కొండ మీద ఒక ముసలి పుంజు ఉంది. దాని వయసు నాలుగో ఐదో ఉంటుందని పాప్ అంచనా. ఆ జాతికి అది పెద్ద వయసే. వాసన పసిగట్టే శక్తి దానికి అంతంతమాత్రం, కానీ కళ్ళు మాత్రం భయంకరం. కొద్దిగా తల తిప్పితే చుట్టూ కనబడుతుంది. చెవి దగ్గర దోమ తోలుకున్నా చూసేస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ప్రకృతిలో పుంజు అరుస్తుంది, పెట్టలు దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. వేటగాడు పెట్ట గొంతుతో పిలిచి పుంజునే నడిపించాలి, అంటే తలకిందుల వ్యవహారం. రెండేళ్ళ కుర్ర పుంజైతే ఆవేశంగా వచ్చేస్తుంది. ముసలిది అరవై డెబ్బై గజాల దూరంలో ఆగి, పురి విప్పి, నువ్వే రా అన్నట్టు నిలబడుతుంది. తుపాకీకి నలభై గజాల దాకానే నమ్మకం, అది దాటితే పక్షి గాయపడి పారిపోతుంది. పాప్ ఆ విషయంలో చాలా కఠినం.

అందుకని ముందు రోజు సాయంత్రమే వెళ్ళి అది ఏ చెట్టెక్కిందో కనిపెడతారు. గుడ్లగూబలా కూస్తే చాలు, ఉలిక్కిపడి అరిచి తన చోటు చెప్పేస్తుంది. మర్నాడు చీకట్లోనే ఆ చెట్టుకి వంద గజాల దూరంలో, మన భుజాల కంటే వెడల్పైన మానుకి వీపు ఆనించి కూర్చోవాలి. మధ్యలో వాగు గానీ కంచె గానీ ఉండకూడదు, అడ్డం దాటి రావడం దానికి బద్ధకం. తర్వాత మెల్లగా ఒకే ఒక్క పిలుపు. అది జవాబిచ్చిందా, ఇక నోరు మూసుకోవాలి. మావాడికి అన్నిటికంటే కష్టమైంది ఇదే. పలక మీద పుల్లతో గీసి పెట్ట గొంతు తెప్పించడం గదిలో రోజూ సాధన చేసి నేర్చుకున్నాడు, ఇప్పుడు వాయించొద్దంటే ఎలా! అన్ని పెట్టలూ ఒకేలా గట్టిగా పిలవడం ఆ ముసలిది చాలా సీజన్లు విని ఉంటుందంటాడు పాప్. పిలుపు బదులు చేత్తో ఎండుటాకులు గీరితే, పెట్ట మేత గోకుతోందనుకుని నమ్ముతుందట.

ఇంకో ఎత్తు ఉంది. పిలిచే మనిషి తుపాకీ మనిషికి ముప్పై గజాలు వెనక కూర్చుంటాడు. పుంజు పిలుపుకి అరవై గజాల దూరంలో ఆగినా, తుపాకీకి దగ్గరగానే ఉంటుంది. పాప్ వెనక్కి వెళ్తే పిల్లవాడి పక్కన పెద్దవాళ్ళు ఉండాలని నన్ను తీసుకెళ్ళారు. అలా తుపాకీ పట్టిన కొడుకు పక్కన, వాడి ఊపిరి వినబడేంత దగ్గరగా, మాట్లాడకుండా గంటల తరబడి కూర్చున్నాను. ఇంట్లో వాడు నా పక్కన అంతసేపు కూర్చుని చాలా ఏళ్ళయింది.

ఆ పొద్దున పుంజు చెట్టు దిగగానే నిజం పెట్టలు వచ్చి తీసుకుపోయాయి. పాప్ కంగారు పడలేదు. పెట్టలు పొద్దెక్కాక గూటికి గుడ్డు పెట్టడానికి పోతాయి, అప్పుడు అది ఒంటరి. పది గంటలకి అదే చోటుకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి అది ఒక్క కూత లేకుండా మా వెనకనుంచి వచ్చి, పాప్‌ని చూసి, ఒక్క గద్దింపు కూతతో మాయమైంది. సీజన్ మొదటి వారాల్లో మధ్యాహ్నం పన్నెండుకే వేట ఆపాలి, ఆపేశాం.

ఇదంతా ఫోన్లో విని మా మామగారు కౌజు పిట్టల కథ అందుకున్నారు. ఆయన చిన్నప్పుడు పల్నాడులో పెంపుడు కౌజుని బుట్టలో పెట్టి కూయించి, దానిమీదికి పోట్లాటకొచ్చే అడవి పిట్టల్ని ఉచ్చులో పట్టేవారట. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది నేరం. తాతకి ఆ సంగతులు తెలుసని మేము పెళ్ళైనప్పటి నుంచీ ఒక్కసారీ వినలేదు. మనవడు అడిగినన్ని ప్రశ్నలు కూడా మేమెప్పుడూ ఆయన్ని అడగలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య తెలుగు సాగుతోంది. పావుగంటలో అయిపోయే కుశల ప్రశ్నల తెలుగు కాదు, బుట్ట ఎలా అల్లాలి, ఉచ్చు ఏ నారతో వేయాలి అన్న తెలుగు. తెలుగు బడి ఇన్నేళ్ళలో తేలేనిది ఒక టర్కీ తెచ్చిందని మావారు ఒప్పుకున్నారు, నవ్వుతూనే.

ఆ ముసలిది ఇంకా కొండ మీదే ఉంది. మావాడికి పక్క కొండ మీద రెండేళ్ళ పుంజు దొరికింది. ఇక్కడ చాలామంది రొమ్ము మాంసం కోసుకుని కాళ్ళు పారేస్తారు, నరాలెక్కువ, నమలలేమని. నేను ఆ కాళ్ళని నాటుకోడి లెక్కన అల్లం వెల్లుల్లి, ఎండుకొబ్బరి, గసగసాలు వేసి కుక్కర్లో పెట్టాను. నాటుకోడికి పెట్టే విజిళ్ళు చాలలేదు, దానికి రెట్టింపు పట్టాయి. పాప్ కారానికి ముక్కు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. ఇన్నేళ్ళుగా తను పారేసిన కాళ్ళ సంగతి తల్చుకుని తిట్టుకున్నాడు కూడా. వచ్చే సీజన్‌కి ముందే ఒక ప్రెషర్ కుక్కర్ కొనాలట, ఎన్ని లీటర్లది తీసుకోవాలని అడుగుతున్నాడు.