"ఇది ఎంతండీ?" అన్నప్పుడు తడబడకుండా ఉండాలంటే

చాలా ఏళ్ల కిందట ఒక గ్రూప్ షోలో నేను వేసిన బొమ్మ ముందు ఒకావిడ చాలాసేపు నిలబడ్డారు. కాస్త దూరం వెళ్లారు, మళ్లీ వచ్చారు, కళ్లజోడు తీసి దగ్గరగా చూశారు. చివరికి నా వైపు తిరిగి "ఇది ఎంతండీ?" అన్నారు. నాకు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టయింది. "మీకు ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి" అనేశాను. అలా అనడం మర్యాద అనే అనుకున్నాను అప్పుడు. ఆవిడ మొహంలో ఇబ్బంది కనిపించింది, "సరే, ఆలోచించుకుని చెప్తాను" అని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఎక్కువ చెప్తే తను నష్టపోతారు, తక్కువ చెప్తే నన్ను అవమానించినట్టు అవుతుంది, ఆ టెన్షన్ మొత్తం తీసుకెళ్లి ఆవిడ నెత్తిన పెట్టాను. బొమ్మ నచ్చిన మనిషిని నేనే పంపించేశాను.

అందుకే కొత్తగా అమ్ముకోవడం మొదలుపెడుతున్నవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు ఇన్‌స్టాగ్రామ్ గురించి మాట్లాడను. మీ బొమ్మల ధరలు ఒక కాగితం మీద రాసి ఉన్నాయా అని అడుగుతాను.

ధర కట్టడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని లెక్క వేస్తారు. చిన్న బొమ్మల వరకు బానే ఉంటుంది. కానీ 12×16 బొమ్మ 192 చదరపు అంగుళాలైతే, పొడవూ వెడల్పూ రెండింతలు చేసిన 24×32 బొమ్మ 768 అవుతుంది, అంటే ధర ఒక్కసారిగా నాలుగింతలు. పెద్ద కాన్వాస్ దగ్గరకి వచ్చేసరికి ఆ అంకె చూసి మనకే భయమేసి తగ్గించేస్తాం, అప్పుడిక లెక్కకి అర్థం ఉండదు. దానికి బదులు పొడవూ వెడల్పూ కలిపి, ఆ మొత్తాన్ని అంగుళానికి ఇంత అనుకున్న మీ రేటుతో గుణించండి. 12+16 అంటే 28, 24+32 అంటే 56. సైజు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది కానీ చేయి దాటిపోదు. కాన్వాస్, రంగులు, ఫ్రేము ఖర్చు విడిగా కలపండి. ఆ రేటు ఎంత ఉండాలంటే, మీలాంటి అనుభవం ఉన్నవాళ్ల బొమ్మలు, అదే మీడియంలో (ఆయిల్, యాక్రిలిక్, వాటర్‌కలర్ లాంటివి), నిజంగా ఏ ధరకి అమ్ముడుపోతున్నాయో చూసి పెట్టుకోవాలి. ఈ బొమ్మంటే నాకు ప్రాణం కాబట్టి ఎక్కువ, అది తొందరగా వేశాను కాబట్టి తక్కువ, ఇలా పెట్టకండి. మరీ ప్రాణమైతే అమ్మకండి, ఇంట్లో ఉంచుకోండి.

ఇంకో మాట, ఇది చాలామంది వినరు. గ్యాలరీలో ఒక ధర, మీ దగ్గర నేరుగా కొంటే ఇంకో ధర పెట్టొద్దు. గ్యాలరీలు చాలాచోట్ల సగం దాకా కమిషన్ తీసుకుంటాయి, అది చూసి మనకి కడుపు మండుతుంది, నిజమే. కానీ గ్యాలరీలో చూసిన బొమ్మని మీ దగ్గర సగం ధరకి కొన్నారంటే, ఆ గ్యాలరీ మిమ్మల్ని మళ్లీ పిలవదు, అక్కడ పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకి మోసపోయామనిపిస్తుంది. సగం కమిషన్ పోయినా మీకు గిట్టుబాటయ్యేలా మొదట్లోనే ధర కట్టుకోవాలి.

గ్యాలరీకి బొమ్మలిచ్చేటప్పుడు కాగితం రాయించుకోవడం మాత్రం మర్చిపోకండి. నేనొకసారి మాట మీద ఐదు బొమ్మలిచ్చాను. మూడు తిరిగొచ్చాయి. మిగతా రెండూ అమ్ముడయ్యాయా, ఎక్కడైనా ఉండిపోయాయా అని నెలల తరబడి ఫోన్లు చేశాను, అక్కడ మనుషులు మారిపోయారు, నా దగ్గర చూపించడానికి ఒక్క సంతకం లేదు. ఏ బొమ్మలు, ఏ సైజు, ఏ ధర, కమిషన్ ఎంత, అమ్ముడయ్యాక ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, పాడైతే ఎవరిది బాధ్యత, ఎప్పుడు వెనక్కిస్తారు. ఒక పేజీ చాలు. ఇవి అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్ల దగ్గర బొమ్మలు పెట్టకపోవడమే మంచిది.

కళాకారుడు అమ్ముకోవడమేంటి, చిన్నతనం కదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 500 ఏళ్ల కిందటే తన ప్రింట్ల మీద ఏ, డీ అక్షరాలు కలిపి గుర్తు వేసుకున్నాడు, ఆయన భార్య ఆగ్నెస్ వాటిని సంతలకి తీసుకెళ్లి అమ్మింది. డచ్ చిత్రకారుడు వాన్ గో కథ చెప్పేటప్పుడు అందరూ ఆయన పేదరికం దగ్గరే ఆగిపోతారు, నాకు ఆయన మరదలు యోహానా ముఖ్యం. 1890లో వాన్ గో పోయాడు, ఆరు నెలలకి ఆమె భర్త, అంటే వాన్ గో తమ్ముడు తియో పోయాడు. చంటిబిడ్డ, ఇంటినిండా ఎవరికీ పట్టని బొమ్మలు. ఆమె ఎగ్జిబిషన్లు పెట్టించింది, ఏ బొమ్మ ఎవరికి ఎంతకి అమ్మిందో ఖాతా పుస్తకంలో రాసుకుంది, 1914లో వాన్ గో ఉత్తరాలు అచ్చు వేయించింది, 1924లో పొద్దుతిరుగుడు పూల బొమ్మల్లో ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది. ముప్పై ఏళ్లకి పైగా పట్టిన పని అది. నాకు ధైర్యం కావాల్సినప్పుడు ఆ ఖాతా పుస్తకం గుర్తు చేసుకుంటాను.

నా దగ్గరా ఒక నోట్‌బుక్ ఉంది. ప్రతి బొమ్మకి నంబరు, పేరు, సైజు, మీడియం, ఏడాది, ధర, కొన్నవాళ్ల పేరు, ఫోను, ఈమెయిల్. బొమ్మ ఇంట్లోంచి కదిలేముందు పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా, మంచి ఫోటో. కొన్నవాళ్లకి బిల్లు, దాంతోపాటు సంతకం చేసిన సర్టిఫికెట్. బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని క్యాలెండర్ల మీద అచ్చు వేసుకునే హక్కు కొన్నవాళ్లకి రాదు, రాసి ఇస్తే తప్ప కాపీరైట్ మామూలుగా మన దగ్గరే ఉంటుంది, ఆ ముక్క కూడా బిల్లు మీద రాస్తాను. ఒక బొమ్మకి ప్రింట్లు 50 మాత్రమే వేస్తానని చెప్పాక 51వది వేయకూడదు. ఆర్డర్ మీద వేసేదైతే సగం అడ్వాన్స్, ఎన్నిసార్లు మార్పులు చేస్తానో ముందే చెప్పడం.

ప్యాకింగ్ సంగతి నష్టపోయి నేర్చుకున్నాను. యాక్రిలిక్ పెయింటింగ్‌కి నేరుగా బబుల్ ర్యాప్ చుట్టి పంపాను, దారిలో వేడికి మెత్తబడిన రంగు మీద ఆ బుడగలన్నీ అచ్చుపడ్డాయి. ఆకాశం నిండా గుండ్రటి మచ్చలు. డబ్బు వెనక్కిచ్చాను. ఇప్పుడు రంగుకి ఏదీ అంటుకోకుండా ముందు గ్లాసిన్ అనే నున్నటి పల్చటి పేపర్, మూలలకి అట్టముక్కలు, ఆ పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటికి ఉండేలా.

సోషల్ మీడియాలో పెట్టండి, నేనూ పెడతాను. కానీ ఆ ఫాలోవర్లు మన చేతిలో ఉండరు, రేపు మన పోస్టు ఎంతమందికి చూపించాలో ఆ యాప్ ఇష్టం. అదే నోట్‌బుక్‌లో ఉన్న నలభై మంది ఈమెయిల్స్ మనవి. కొత్త బొమ్మలు పూర్తయ్యాక, ఇంకెవరికీ చూపించకముందు వాళ్లకి నాలుగు లైన్లు రాస్తాను. కొన్నవాళ్లకైతే ఓ ఆర్నెల్లు పోయాక బొమ్మ ఎక్కడ పెట్టుకున్నారని అడుగుతాను, అమ్మాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనిపించి.

మొన్న ఒకాయన అలాగే ఫోటో పంపారు. వరండాలో తలుపు పక్కన నా బొమ్మ, దాని కింద వాళ్ల పాప క్రేయాన్లతో వేసిన ఏనుగు టేపుతో అంటించి ఉంది. "ఆ పక్క గోడ ఖాళీగా ఉంది, ఇదే సైజులో ఇంకొకటి అయితే ఎంతవుతుందండీ?" అని రాశారు. నోట్‌బుక్ తీసి చూసి, రెండు నిమిషాల్లో ధర పంపాను.