ఛాతీ దాకా నీళ్లు

పరకాల దగ్గర మా ఊరి వ్యవసాయ బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, బాపు నాకు ఏడేళ్లప్పుడే ఈత నేర్పించాడు. అందుకే యాభై ఎనిమిదేళ్ల వయసులో ఫిజియోథెరపీ అమ్మాయి "నీళ్లలో నడక నేర్పిస్తాను అంకుల్" అంటే, నాకు తెలియని నీళ్లా అనుకున్నాను.

మాది ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి. ఫిబ్రవరిలో యార్డు నిండా బస్తాలు దిగిన రోజు, దవడ నుంచి ఎడమ చెయ్యి దాకా లాగింది. ఘాటుకు ఛాతీ మండుతోందనుకుని గంటన్నర పోగొట్టుకున్నాను. ఆ గంటన్నర తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అది గుండెపోటు, స్టెంట్ వేశారు. ఎకో స్కాన్‌లో గుండె పంపింగ్ 40 శాతమే వచ్చింది, 55 పైన ఉండాలట.

రోజూ అరగంట నడవమన్నారు. మోకాళ్లు అరిగి పదేళ్లయింది నాకు. హన్మకొండలో మా వీధి మలుపు దాకా పోయి ఎవరి అరుగు మీదో కూలబడేవాణ్ణి. నడవకపోతే గుండె కోలుకోదు, నడుద్దామంటే కాళ్లు రావు. ఇంట్లో మా ఆవిడకు ఒకటే టెన్షన్.

డాక్టరు గారు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి సరేనన్నాకే నీళ్లలోకి దిగాను. గోరువెచ్చటి నీళ్లు. నడుము దాకా దిగేసరికి ఒంటి బరువు సగానికి తగ్గి, మోకాళ్లు చప్పుడు లేకుండా కదిలాయి. ఎన్నేళ్లయిందో అట్లా నడిచి! ఆ సంబరంలో ఫిజియోథెరపీ అమ్మాయి చూడకుండా ఇంకో రెండు మెట్లు దిగాను. నీళ్లు రొమ్ము ఎముక దాటగానే ఎవరో ఛాతీ చుట్టూ తువ్వాల బిగించి కట్టినట్టయింది, ఊపిరి సగంలోనే ఆగింది. ఆమె వెంటనే చెయ్యి పట్టి పైకి తెచ్చింది.

"ఒళ్లు తేలికైంది కదా అని గుండెకూ తేలికే అనుకోకండి. నీటి ఒత్తిడికి కాళ్లలో రక్తం పైకి వస్తుంది. మెడ దాకా మునిగితే దాదాపు 700 మిల్లీలీటర్లు ఛాతీలోకి చేరుతుంది. అదంతా మీ గుండే తోయాలి" అంది. పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆ రోజు అసలు దిగవద్దంది. అప్పటి నుంచి పొద్దున్నే బరువు చూసుకుంటున్నాను. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయాలి.

నేను వేసుకునే మాత్రలు నాడిని తగ్గిస్తాయి, నీళ్లలో అది ఇంకాస్త తగ్గుతుంది. అందుకని నాడి లెక్క కాకుండా మాట లెక్క పెట్టింది. తేజ, వండర్ హాట్, చపాటా, 341 అని మిర్చి రకాల ఆ రోజు ధరలు చెప్పుకుంటూ నడిచేవాణ్ణి. మధ్యలో మాట తెగితే అడుగు తగ్గించాలి. పది నిమిషాలతో మొదలై మూడో నెలకు ఇరవై అయిదుకు వచ్చాను. బయటికి వచ్చేటప్పుడు మాత్రం మెట్టు మెట్టుకూ ఆగుతాను. నీటి ఒత్తిడి పోగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

మొన్న ఎకోలో పంపింగ్ 48 వచ్చింది. మందులెంత, నడకెంత అని డాక్టరు గారు విడదీసి చెప్పలేదు.

ఎండాకాలం సెలవులకు మనవడు ఊరి బావి చూస్తానన్నాడు. "నువ్వూ దూకు తాతా" అన్నాడు. ఆ చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే రక్తనాళాలు బిగుసుకుంటాయి, నా గుండెకు ఆ దెబ్బ పడకూడదు. వాళ్ల నాన్న ముందు దిగాడు. నేను గట్టున కూర్చుని, వాడి నడుముకు కట్టిన బుర్ర ముడి రెండుసార్లు లాగి చూశాను.