షోరూమ్ సర్వీస్‌కి 1,26,260 రూపాయలు

కారు హైదరాబాద్ నుంచి తీసుకొచ్చి మూడు రోజులైంది, బిల్లు మాత్రం ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. యాక్సిడెంట్ రిపేరు కాదు, ఇంజిన్ విప్పలేదు, మామూలు ఏడాది సర్వీస్. ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడ్. పార్టులకి 68,000, లేబర్‌కి 39,000, 18 శాతం జీఎస్టీ 19,260, మొత్తం 1,26,260 రూపాయలు. గత ఏడాది నేను ఈ కారు నడిపింది 3,800 కిలోమీటర్లు. అంటే పెట్రోల్ కాకుండా, ఇన్సూరెన్స్ కాకుండా, సర్వీస్‌కే కిలోమీటరుకి 33 రూపాయలు పడింది.

కారు పేరు, షోరూమ్ పేరు రాయను. రెండు తలుపుల విదేశీ స్పోర్ట్స్ కారు, ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చిన్నప్పుడు ఉక్కునగరం క్వార్టర్స్‌లో కార్ల పోస్టర్లు గోడకి అంటించుకున్న పిల్లాడిని నేను, దీనికోసం పదహారేళ్లు డబ్బు దాచాను. ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఎక్కి రుషికొండ దాటి భీమిలి దాకా వెళ్లి వస్తే ఆ వారమంతా మనసు తేలిగ్గా ఉంటుంది. కారు మీద నాకేం ఫిర్యాదు లేదు.

ఈ విషయం ఎవరితో అన్నా ముందు వచ్చే మాట ఒకటే, "అలాంటి కారు కొన్నవాడివి, సర్వీస్‌కి ఆలోచిస్తే ఎలా?" ఈ మాట తప్పని నా గట్టి అభిప్రాయం. కొత్తగా కోటీ ఇరవై లక్షలైన కారు ఆరేళ్లకి సగం కంటే తక్కువకి వస్తుంది, నాకు అలాగే వచ్చింది. కానీ దాని ఆయిల్ ఫిల్టర్ ధర సగం అవ్వదు. బ్రేక్ డిస్కు ధర ఏడాదికేడాది పెరుగుతుందే తప్ప తగ్గదు. కారు విలువ దిగుతూ ఉంటే దాన్ని నిలబెట్టే ఖర్చు ఎక్కుతూ ఉంటుంది. మొదటి ఓనర్‌కి తెలియని ఈ బరువు రెండో ఓనర్ మీదా, మూడో ఓనర్ మీదా పడుతుంది. ఐదారేళ్ల వయసున్న ఖరీదైన కార్లు అంత చవగ్గా దొరకడానికి ఒక కారణం ఇదే, కొనేముందు నాకు ఎవరూ చెప్పలేదు.

నా కారు కంపెనీకి వైజాగ్‌లో వర్క్‌షాప్ లేదు. హైదరాబాద్ వెళ్లాలి, 620 కిలోమీటర్లు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే తుని, రాజమండ్రి, విజయవాడ మీదుగా సాయంత్రానికి చేరతాం. ఫ్లాట్‌బెడ్ (కారుని ఎక్కించుకెళ్లే ట్రక్కు) మీద పంపితే ఒక వైపుకే 28 వేలు అడిగారు. నేనే నడుపుకుంటూ వెళ్లాను. రానూపోనూ పెట్రోల్, రెండు రాత్రులు హోటల్, ఆఫీసుకి మూడు రోజుల సెలవు. ఖర్చు తడిసి మోపెడైందంటే ఇదే.

బిల్లు చూసి నేను పార్టుల ధరల దగ్గరే ఆగిపోయాను. లీటరు 1,150కి వైజాగ్‌లో బయట దొరికే 0డబ్ల్యూ-40 ఆయిల్, అదే గ్రేడు, కారు కంపెనీ ఆమోదించిన అదే డబ్బా, అక్కడ 1,950 చొప్పున తొమ్మిది లీటర్లు వేశారు. నాన్న మాత్రం కళ్లజోడు పెట్టుకుని లేబర్ లైను దగ్గర వేలు పెట్టారు. ఆయన స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి.

"ఏడున్నర గంటలు అని వేశార్రా. ఎవరు చేశారు, ఎప్పుడు మొదలెట్టి ఎప్పుడు ముగించారు?"

"గంటకి 5,200 నాన్నా, వాళ్ల రేటు అది."

"రేటు సంగతి కాదు. టైము ఎలా కట్టారో అడుగు."

ఫోన్ చేసి అడిగాను. సర్వీస్ అడ్వైజర్ మర్యాదగానే చెప్పాడు, ప్రతి పనికీ కంపెనీ పుస్తకంలో ఒక టైము ఉంటుంది, మెకానిక్ అంతకంటే త్వరగా ముగించినా బిల్లు ఆ టైముకే పడుతుందని. ఇది చాలా కంపెనీల్లో ఉన్న పద్ధతే, ఇందులో మోసం లేదు, ఆలస్యమైతే ఎక్కువ తీసుకోరు కూడా. కానీ నాన్న పక్కన కూర్చుని చెవిలో చెప్పిన రెండో ప్రశ్న అసలు విషయం బయటపెట్టింది. ఆయిల్ మార్చడానికి కారు కింద ఉన్న కవర్ విప్పాలి, ఆ విప్పే టైము ఆయిల్ పనిలో కలిసుంది. నా కారులో ప్లగ్గులకీ ఆ కవర్ విప్పాలి, ఆ టైము ప్లగ్గుల పనిలోనూ కలిసుంది. రెండు పనులూ ఒకేరోజు, కారుని పైకెత్తే ఒకే లిఫ్ట్ మీద జరిగాయి, కవర్ విప్పింది ఒక్కసారి. మరి రెండుసార్లు ఎందుకు కట్టాను? అతను ఐదు నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, మేనేజర్‌తో మాట్లాడి, ఒక గంట తగ్గిస్తామన్నాడు. జీఎస్టీతో కలిపి 6,136 రూపాయలు నిన్న అకౌంట్‌లో పడ్డాయి. అడిగితే వచ్చింది, అడగకపోతే పోయేది. లిఫ్ట్ కింద ఏం జరుగుతుందో తెలియని వాళ్లు ఈ ప్రశ్న ఎలా అడుగుతారు?

బ్రేకుల విషయం ఇంకా పెద్దది. అదే సర్వీస్‌లో, ముందు చక్రాలతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులూ, వాటిని నొక్కి బండిని ఆపే ప్యాడ్లూ మార్చాలని ఎస్టిమేట్ పంపారు, పన్నుతో కలిపి 3,37,480 రూపాయలు. ఫోటోలో డిస్కు అంచు, మధ్యభాగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఆ రాత్రి హోటల్‌లో నిద్రపట్టలేదు, బ్రేకుల విషయంలో టెన్షన్ ఉండదా? కానీ ఇనుప డిస్కులు, మన ఊరి ఉప్పుగాలి, వారానికోసారి బయటికి తీసే బండి. రాత్రి తడి గాలికే డిస్కు పైన ఎర్రటి పొర కడుతుంది, నాలుగైదుసార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్ తగిలేచోట పోతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇది రోజూ కనిపించేదే. డిస్కు మార్చాలా వద్దా అన్నది మందం చెబుతుంది, రంగు చెప్పదు. ఎంత మందం దగ్గర మార్చాలో సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. "మందం ఎంత వచ్చింది?" అని మెసేజ్ పెట్టాను. జవాబుగా కొలత రాలేదు, "రికమెండెడ్" అన్న మాట వచ్చింది. వద్దని చెప్పి కారు తెచ్చేసుకున్నాను.

మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో మాకు పాతికేళ్లుగా తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. నాన్న చేతక్ స్కూటర్ దగ్గర్నుంచీ మా ఇంటి బళ్లన్నీ ఆయన చేతిలోనే పెరిగాయి. చక్రాలు విప్పి, మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టాడు. కొత్త డిస్కు 30 మిల్లీమీటర్లు, 28కి వస్తే మార్చాలి, నాది 29.2. ప్యాడ్లు సగానికి పైనే ఉన్నాయి.

"ఏటి బాబూ, ఈటికేటయింది? ఇంకా రెండేళ్లు తిరగొచ్చు," అన్నాడు. డబ్బులు తీసుకోలేదు, బలవంతం చేస్తే టీకి ఇమ్మన్నాడు.

అలాగని అన్నీ ఆయనతో చేయించలేను, ఆ మాట ఆయనే చెప్పాడు. నా బండి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాక కంపెనీ కంప్యూటర్‌తో క్లచ్ సర్దుబాటు చేయాలి. బయట దొరికే మామూలు స్కానర్ ఎర్రర్ కోడ్ చదువుతుంది కానీ ఆ పని చేయలేదు. చేయి తిరిగిన మెకానిక్ ఊళ్లోనే ఉన్నాడు, పార్టు తయారుచేసే సంస్థలు వేరే ఉన్నాయి, మధ్యలో తాళం మాత్రం కారు కంపెనీ చేతిలో ఉంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది.

ఇది నా ఒక్కడి బాధ కూడా కాదు. మార్కెట్‌లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సరిగ్గా ఈ విషయం మీదే 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయట మార్కెట్‌లో దొరక్కుండా చేశారని, రిపేరుకి కావలసిన పరికరాలూ సమాచారమూ బయటి గ్యారేజీలకి ఇవ్వట్లేదని ఆ ఆర్డర్‌లో ఉంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామన్న షరతు పెట్టొద్దని కూడా అందులో చెప్పారు. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఒక విభాగం. జీఎస్టీ కూడా కొంత దిగింది, 2025 సెప్టెంబర్ 22 ముందు చాలా పార్టుల మీద 28 శాతం ఉండేది, ఇప్పుడు 18. ఇవన్నీ మంచివే. అయినా ఒక డిస్కు నేరుగా నాకు ఎంతకి అమ్ముతారో చెప్పమంటే, కారు తీసుకొస్తేనే చెప్తామంటున్నారు.

షోరూమ్ వాళ్లకీ ఖర్చులుంటాయి, కాదనను. ట్రైనింగ్, ప్రత్యేకమైన టూల్స్, పెద్ద బిల్డింగ్, ఊరంతా కలిపి వంద బళ్లు కూడా ఉండని మోడల్‌కి పార్టులు తెప్పించి పెట్టుకోవడం. ఆ మెకానిక్ కుర్రాళ్లు పని బాగా చేస్తారు, నా కారు మీద ఒక్క గీత పడలేదు. గంటకి 5,200 అంటే ఇస్తాను. ఏ పనికి ఎన్ని గంటలో ముందే రాసివ్వమంటున్నాను, మార్చాలంటే కొలత చూపించమంటున్నాను, తీసేసిన పాత పార్టు నా డిక్కీలో పెట్టమంటున్నాను.

ఇదే షోరూమ్‌కి వెళ్లే వైజాగ్ ఓనర్లు ఇంకో ఇద్దరు నాకు తెలుసు. నిన్న వాళ్ల బిల్లులు కూడా తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాం. ముగ్గురికీ ఆ కవర్ టైము రెండుసార్లు పడింది. వాళ్లిద్దరూ ఈరోజు మెయిల్ పెట్టారు, వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకుంటున్నాం.

నా ఎక్స్‌టెండెడ్ వారంటీ నవంబర్‌లో అయిపోతుంది. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు ఆటోనగర్‌లోనే, బాబాయ్ లిఫ్ట్ మీద. గేర్‌బాక్స్‌కి మాత్రం హైదరాబాద్ వెళ్తాను, ఎస్టిమేట్ కాగితం ముందే తెప్పించుకుని, నాన్నకి చూపించాకే.