నాయన చిట్టా చూసి మళ్లీ రాయడం మొదలుపెట్టాను

"పాలమూరు మనిషివి, వలస మీద నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారక్కా?" అన్నాడు ఒక తమ్ముడు. కథల సంకలనం వేస్తున్నారట, నెలలో కావాలన్నాడు. సరేనన్నాను. 2021 అక్టోబరు మాట అది. ఆ కథ మొదటి పేరా పదకొండుసార్లు రాసి, పదకొండుసార్లూ చించేశాను. గడువు దాటిపోయింది. సంకలనం నా కథ లేకుండానే వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తరువాత ఏ కథ మొదలుపెట్టినా రెండో పేరా దాటలేదు.

నేను దేవరకద్ర దగ్గర ఒక ఊళ్లో తెలుగు టీచర్ని. పొద్దంతా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతాను. ఆ దిద్దే అలవాటే నా గొంతుకు అడ్డం పడిందని చాలా ఆలస్యంగా అర్థమైంది. వాక్యం ఇంకా సగంలో ఉండగానే నా లోపలి ఎర్రపెన్ను కొట్టివేత మొదలుపెట్టేది. దానికి తోడు "వలస" అనే అంత పెద్ద మాట నెత్తి మీద కూర్చుంది. మా జిల్లా బాధంతా ఒక్క కథలో రావాలనుకుంటే కలం కదులుతుందా?

అలారం పెట్టి నాలుగింటికి లేచాను. ఖరీదైన నోటు పుస్తకం కొన్నాను. ఆదివారం పిల్లలమర్రి దాకా పోయి కూర్చుని వచ్చాను. ఏదీ పని చేయలేదు. రాయకపోతే కొంప మునుగుతుందా అని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోయేదాన్ని. కొంప మునగదు నిజమే. కానీ చూసినవీ విన్నవీ ఏవీ నాలో నిలవకుండా జారిపోతున్నట్టు ఉండేది. ఆ టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

2023 ఎండాకాలంలో నాయన పోయాడు. దినాలు అయ్యాక అమ్మ ఇనుప సందుగ తెరిచింది. అడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న పుస్తకం. నాయన చిట్టా.

నాయన గుంపు మేస్త్రీ. వయసులో ఉన్నప్పుడు శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు. 1981లో ఆ డ్యామ్ పూర్తయ్యాక మనుషులను వెంటబెట్టుకుని మహారాష్ట్ర కాలువ పనులకు తిరిగాడు. చదివింది మూడో తరగతి. తడి తగిలితే ఊదా రంగుకు తిరిగే కాపీయింగ్ పెన్సిల్ ముల్లు నాలుక మీద అద్ది రాసేవాడు, అందుకే అక్కడక్కడ అక్షరాలు ఊదా రంగులోకి తిరిగాయి. రోజుకు ఒక్క లైను.

"14 మంది. మట్టి పని."
"వాన. పని బంద్."
"ఎడమ చెయ్యి నలిగింది. పనికి పోయిన."
"పని లేదు."
"పని లేదు."

ఆ చివరి రెండు లైన్ల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పని లేని రోజు ఏముందని రాయాలి? అయినా రాశాడు. తేదీ వేసి మరీ రాశాడు. నలిగిన చెయ్యి గురించి ఇంట్లో మాకెవరికీ తెలియదు. ఆ ఒక్క లైను లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

జూన్ 12న బడి తెరిచిన రోజే నేనూ చిట్టా పెట్టాను. మామూలు 200 పేజీల లాంగ్ నోటు పుస్తకం. తేదీ, ఎక్కడ, ఏం చూశాను. మూడు లైన్లు చాలు. కథ రాయకూడదని గట్టిగా అనుకున్నాను. రెండు కట్టుబాట్లు మాత్రం పెట్టుకున్నాను. పొయ్యి మీద చాయ్ పెట్టగానే పుస్తకం తీయాలి, అది మరిగే లోపల అయిపోవాలి. రాసింది నెల దాకా చదవకూడదు. చదవాలనిపిస్తుంది కాబట్టి పాత పేజీలన్నీ కలిపి బట్టల క్లిప్పు పెట్టేశాను. వినడానికి చిన్న విషయమే, కానీ నన్ను కాపాడింది ఆ క్లిప్పే. కంటికి కనిపించని వాక్యాన్ని ఎర్రపెన్ను ఏం చేయగలదు?

మొదటి వారం ఏమీ తోచలేదు. "బస్సు లేటు." "నీళ్లు రాలేదు." అంతే రాశాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని అందరూ అంటారు. 21 రోజులయ్యాయి, నాకు కాలేదు. చాలా దిగులుపడ్డాను. తరువాత లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద చేసిన పరిశోధన గురించి చదివాను. ఒక పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉందట. నడుమ ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. ఆ మాట నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. అంతకుముందు ఒక్క రోజు తప్పితే ఇక అయిపోయిందని మానేసేదాన్ని. నవంబరులో ఎలక్షన్ డ్యూటీ పడి రాయలేకపోయినప్పుడు, తిరిగొచ్చి ఆ తేదీలు వేసి నాయన లాగే రాశాను: "రాయలేదు. డ్యూటీ." "రాయలేదు. డ్యూటీ."

ఆ కార్తీకంలోనే కురుమూర్తి జాతరకు పోయాం. పుణె, బొంబాయి పోయినవాళ్లు కూడా ఆ జాతరకు ఊరు చేరుకుంటారు. స్వామి ఉద్దాలు, అంటే పాదరక్షలు, వస్తున్నాయని జనం ఎగబడుతున్నారు. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, ఆమె ఒళ్లో నాలుగేళ్ల మనవడు. వాడు "ఆజీ, పాణీ" అన్నాడు. ఆమె చెంబు అందించింది. నీళ్లు తాగి వాడు మరాఠీలో ఏదో పొడుగ్గా చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా "అవునా బిడ్డా, అట్లనా" అంటూ వాడి చెమట తుడుస్తూనే ఉంది.

మరునాడు పొద్దున చాయ్ పెట్టి ఆ మూడు లైన్లు రాయబోయాను. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను లేవలేదు. ఆరు పేజీలయ్యాయి. ఇంకా ఉందని తెలుస్తుండగానే ఆపేశాను. తరువాత ఏం రాయాలో తెలిసిన చోటే ఆపాలని అమెరికా రచయిత హెమింగ్వే చెప్పింది ఎన్నోసార్లు చదివాను కానీ, ఆపగలగడం అదే మొదటిసారి. పదిహేను రోజుల్లో కథ పూర్తయింది. అందులో "వలస" అనే మాట ఎక్కడా లేదు. ఎర్రపెన్ను అప్పుడు తీశాను, తనివితీరా దిద్దాను. తమ్ముడికి పంపితే ఆ రాత్రే ఫోన్ చేశాడు.

ఇప్పుడు నాది ఐదో నోటు పుస్తకం. అన్ని రోజులూ కథలు రావు. "ఏమీ లేదు" అన్న లైన్లు ఇప్పటికీ చాలానే ఉంటాయి.

పోయిన ఏడు తొమ్మిదో తరగతి పిల్లలతో కూడా చిట్టా పెట్టించాను. దిద్దనని మాటిచ్చాను. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు నాలుగు రోజులు వరుసగా "ఏం లేదు" అని రాశాడు. తేదీ చూసి టిక్కు పెట్టి ఇచ్చాను. ఐదో రోజు వాడి పుస్తకంలో రెండు లైన్లు ఉన్నాయి.

"అమ్మ బొంబాయి నుంచి ఫోన్ జేసింది. ఏం మాట్లాడలే, ఊకె పట్టుకున్నం."