చీకటితో ఆగిపోయే కీర్తన

జనవరి ఒకటిన మా మందిరంలో బైబిలు వాక్యాలు అచ్చు వేసిన వాగ్దాన కార్డులు ఇస్తారు. అర్ధరాత్రి ఆరాధన అయ్యాక వరుసలో వెళ్ళి, పళ్ళెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి అదే మన వాక్యం. చిన్నప్పటి నుంచీ తీసుకుంటున్నాను. "భయపడకుము" వచ్చింది, "నేను నీకు తోడైయున్నాను" వచ్చింది. యిర్మీయా 29:11 అయితే మూడుసార్లు వచ్చింది. కీర్తన 88:18 మాత్రం ఎవరికీ రాగా చూడలేదు. దాన్ని ఎవరూ కార్డు మీద అచ్చు వేయరు.

"నా ప్రియులను స్నేహితులను నీవు నాకు దూరముగా ఉంచియున్నావు. చీకటియే నాకు బంధువర్గమాయెను."

కీర్తన అక్కడితో అయిపోతుంది. దుఃఖంతో మొదలయ్యే కీర్తనలు చాలానే ఉన్నాయి, కానీ అవి దాదాపుగా చివరికి మలుపు తిరుగుతాయి. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలైన 22వ కీర్తన స్తుతిలోకి వెళ్తుంది. 13వ కీర్తన ఆరు వచనాల్లోనే ఏడుపు నుంచి పాటకు వచ్చేస్తుంది. 88వ కీర్తనలో ఆ మలుపు లేదు. హీబ్రూలో దాని ఆఖరి మాటే 'చీకటి'. తెల్లారడం అందులో లేదు.

ఈ కీర్తన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాయాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

2019లో అక్క కొడుక్కి జ్వరం వచ్చింది. తొమ్మిదేళ్ళవాడు. సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. ఆరో రోజు తెల్లవారుజామున బాబు పోయాడు. సమాధి కార్యక్రమం అయ్యాక, మంచి ఉద్దేశంతోనే కావచ్చు, ఒక పెద్దాయన అక్క తలమీద చెయ్యి పెట్టి, "ఎక్కడో విశ్వాసం తక్కువైందమ్మా" అన్నాడు. తర్వాత రెండు నెలలకు సాక్ష్యాల కూడికలో ఒక తల్లి లేచి, తన కొడుకు అదే జ్వరం నుంచి ఎలా లేచాడో చెప్పింది. అందరం స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను. అక్క కూడిక అయ్యేదాకా కూర్చుంది, బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది. మళ్ళీ మందిరం గడప తొక్కలేదు. ఆ రోజుల్లో నాకు కోపం ఆ పెద్దాయన మీద రాలేదు, అక్క మీద వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

మన సంఘాల్లో 'సాక్ష్యం' అనే మాటకు ఒక కుదురైన ఆకారం ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు విడిపించాడు, ఆయన నామానికి మహిమ. విడిపించనప్పుడు ఏం చెప్పాలో మనకు ఎవరూ నేర్పలేదు. అలాంటి సాక్ష్యం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది ఒక యూదుడి పుస్తకంలో.

ఎలీ వీజెల్ 1928లో సిగెత్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది రొమేనియాలో ఉంది, ఆయన్ను తీసుకెళ్ళిన నాటికి హంగరీ పాలనలో ఉంది. ప్రార్థన చేస్తూ ఏడ్చే పిల్లవాడు. ఎందుకు ప్రార్థిస్తావని అడిగితే, ఎందుకు ఊపిరి తీసుకుంటున్నావని అడిగినట్టు అనిపించేదట. 1944 మే నెల మధ్య నుంచి జూలై మొదటి వారాల దాకా, రెండు నెలలు కూడా తిరక్కుండానే, హంగరీ నుంచి నాలుగు లక్షల మందికి పైగా యూదులను రైళ్ళలో కుక్కి పంపేశారు. ఎక్కువమందిని జర్మన్ నాజీలు నడిపిన ఆష్విట్జ్ అనే మరణ శిబిరానికే. ఆ రైళ్ళలో ఒకదానిలో ఈ పదిహేనేళ్ళ పిల్లవాడు, అమ్మ, నాన్న, ఏడేళ్ళ చెల్లి ఉన్నారు. దిగిన రాత్రే అమ్మా చెల్లీ వేరే వరుసలోకి వెళ్ళిపోయారు. అదే ఆఖరి చూపు.

ఆ రాత్రి జరిగిన ఒక సంగతి ఆయన 'నైట్' పుస్తకంలో రాశాడు. యూదులకు కద్దిష్ అనే ప్రార్థన ఉంది. పోయినవారి కోసం, పదిమంది కూడి, అరమేయిక్ భాషలో చెప్పేది. విచిత్రమేమిటంటే అందులో చావు మాట రాదు. మొదటి నుంచి చివరిదాకా దేవుని నామం ఘనపరచబడాలి, పరిశుద్ధపరచబడాలి అనే ఉంటుంది. మంటలు ఎగసిపడుతున్న గుంటవైపు నడుస్తూ, ఆ వరుసలో ఉన్నవాళ్ళు తమ కోసం తామే కద్దిష్ చెప్పుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ నాన్న కూడా గొణుగుతున్నాడు. ఆ పిల్లవాడికి మొదటిసారి కోపం వచ్చింది. ఆయన నామాన్ని నేనెందుకు పరిశుద్ధపరచాలి అనుకున్నాడు. కానీ గుంట దగ్గరపడే కొద్దీ తనకు తెలియకుండానే పెదవులు అవే మాటలు పలికాయి.

ఈ పేజీ నేను దాటలేకపోయాను. విశ్వాసం పోవడం అంటే ఒక మనిషి తలుపు వేసి వెళ్ళిపోవడం అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇక్కడ కోపం, ప్రార్థన ఒకే నోట్లో ఉన్నాయి.

తర్వాత ప్రాయశ్చిత్తార్థ దినం వచ్చింది. లేవీయకాండంలో మనం చదివే దినమే, యూదులు యోమ్ కిప్పూర్ అంటారు. ఆ రోజు ఉపవాసం ఉండాలి. రోజంతా ఆకలితోనే చచ్చే చోట ఉపవాసం ఉండాలా వద్దా అని బందీలు వాదించుకున్నారు. ఉండాలి, ఇక్కడ కూడా ఆయన్ను స్తుతించగలమని చూపించాలి అన్నారు కొందరు. వీజెల్ ఉండలేదు. నాన్న వద్దన్నాడు, అది ఒక కారణం. రెండోది, దేవుని మౌనాన్ని ఇక ఒప్పుకోనన్న తిరుగుబాటు. కావాలనే సూప్ తాగాడు. తాగాక గెలిచినట్టు రాయలేదు. లోపల పెద్ద శూన్యం తెరుచుకున్నట్టు అనిపించిందని రాశాడు. ఆ ఒక్క వాక్యం వల్లే నేను ఆయన్ను నమ్మాను. దేవుణ్ణి వదిలేసినవాళ్ళు హాయిగా ఉంటారని మనలో కొందరు అనుకుంటారు. మా అక్కను చూశాను, హాయి లేదు.

అదే పుస్తకంలో అకీబా డ్రూమర్ అనే భక్తుడు ఉన్నాడు. బైబిలు సంఖ్యలు లెక్కకట్టి విడుదల దగ్గరపడిందని అందరికీ ధైర్యం చెప్పినవాడు. చివరికి ఆయన విశ్వాసమే కూలిపోయింది. విశ్వాసం పోయాక బతకాలన్న పట్టు కూడా పోయింది. చావుకు ఎంపికైనప్పుడు తోటివాళ్ళను ఒక్కటే అడిగాడు. మూడు రోజుల తర్వాత నా కోసం కద్దిష్ చెప్పండి అని. సరేనన్నారు. ఆ మూడు రోజుల్లో దెబ్బలు ఎక్కువ, తిండి తక్కువ. కద్దిష్ చెప్పడం మరిచిపోయారు. ఆ మరిచిపోవడాన్ని వీజెల్ దాచలేదు, పుస్తకంలో పెట్టాడు. ఇది సాక్ష్యం కాకపోతే మరేది సాక్ష్యం?

వీజెల్ ఉన్నది ఆష్విట్జ్‌లో భాగమైన బూనా అనే శిబిరంలో. అక్కడే, అదే 1944లో, ప్రీమో లెవీ అనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. ఆయన లోపలికి వెళ్ళేటప్పుడే నాస్తికుడు, బయటికి వచ్చేటప్పుడూ నాస్తికుడే. ఆయన రాసిన ఒక సంఘటన నాస్తికుడు చెప్పినదని తోసేయడానికి వీల్లేదు. నా వరకు అది ప్రవక్త గద్దింపులా తగిలింది.

అక్టోబర్ 1944. ఆ రోజు గ్యాస్ గదికి ఎవరు వెళ్ళాలో ఎంపిక జరిగింది. రాత్రి పడకల మీద అందరూ పడుకుని ఉన్నారు. కూన్ అనే ముసలాయన తల మీద టోపీ పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గట్టిగా ప్రార్థిస్తున్నాడు. తనను ఎంపిక చేయనందుకు దేవునికి కృతజ్ఞతలు చెబుతున్నాడు. పక్క పడక మీద ఇరవయ్యేళ్ళ గ్రీకు కుర్రవాడు బెప్పో ఉన్నాడు. ఎల్లుండి అతను గ్యాస్ గదికి వెళ్తాడు. ఆ సంగతి అతనికి తెలుసు. మాట లేకుండా దీపం వైపు చూస్తూ పడుకున్నాడు. కూన్‌కు పక్కవాడు కనిపించడం లేదా, తర్వాతి వంతు తనదే కావచ్చని తెలియదా అని లెవీ అడుగుతాడు. తానే దేవుడినైతే ఆ ప్రార్థనను నేల మీద ఉమ్మేసేవాడినని రాశాడు.

చదివి పుస్తకం మూసేశాను. మందిరంలో ఆ రోజు ఆ తల్లి సాక్ష్యం, మా స్తోత్రాలు, గోడవైపు మూడో వరుసలో మా అక్క. ఆ తల్లిది తప్పని అనను, బిడ్డ బతికిన తల్లి సంతోషించకుండా ఎలా ఉంటుంది? కూన్‌ను కూడా తప్పు పట్టే అర్హత నాకు లేదు, ఆయన ఉన్న చోట నేను లేను. పక్క పడక వైపు చూడనిది మాత్రం నేనే. బస్సు బోల్తా పడి అందరూ పోయినా నన్ను దేవుడు కాపాడాడని ఒకసారి నేను కూడా లేచి చెప్పాను. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఆ హాల్లో ఉంటే ఏమయ్యేదో ఆలోచించలేదు.

యుద్ధం అయ్యాక భక్తిపరుడైన ఒక స్నేహితుడు లెవీ దగ్గరికి వచ్చి, నువ్వు బతకడం దేవుని ఏర్పాటు, సాక్ష్యం చెప్పడానికే నిన్ను మిగిల్చాడు అన్నాడట. ఆ మాట లెవీకి ఘోరంగా తోచింది. తనకంటే మంచివాళ్ళు అక్కడ చచ్చిపోయారు. మరి వాళ్ళను దేవుడు ఏమనుకున్నట్టు? నా దగ్గర దీనికి జవాబు లేదు. బైబిల్లో, బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల దగ్గర జవాబులు చాలా ఉండేవి. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ళతో అన్నది ఏమిటి? "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు." తన తరఫున వాదించినవాళ్ళ మీదే ఆయనకు కోపం వచ్చింది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన ఆ ఘోరాన్ని మా ఇంటి దుఃఖంతో పోల్చడం లేదు. ఒక బిడ్డను జ్వరం తీసుకుపోవడం వేరు, ఒక రాజ్యం లెక్కలు వేసుకుని, రైళ్ళు వేసి, బిడ్డలను చంపడం వేరు. పైగా చంపినవాళ్ళలో చాలామంది బాప్తిస్మం పొందినవాళ్ళు, క్రిస్మస్ చేసుకున్నవాళ్ళు. యూదుల మీద ద్వేషాన్ని యూరప్‌లో శతాబ్దాలపాటు చర్చి ప్రసంగ వేదికల మీద నుంచే చెప్పారు. అందుకని క్రైస్తవుడిగా ఈ పుస్తకాలు చదివేటప్పుడు తల దించుకునే చదవాలి.

వీజెల్ పుస్తకంలో అందరికీ తెలిసిన ఘట్టం ఉరికొయ్య. ఒక చిన్న పిల్లవాణ్ణి ఉరి తీశారు. బరువు లేని ఒళ్ళు కాబట్టి ప్రాణం పోవడానికి అరగంటకు పైగా పట్టింది. దేవుడు ఎక్కడ అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇదిగో, ఈ ఉరికొయ్యకే వేలాడుతున్నాడని తనలో ఒక గొంతు అనడం వీజెల్ విన్నాడు. క్రైస్తవులకు ఇక్కడ వెంటనే సిలువ గుర్తొస్తుంది. నాకూ వచ్చింది. ఆ పుస్తకం 1958లో ఫ్రెంచిలో వచ్చినప్పుడు ముందుమాట రాసింది ఫ్రాన్స్వా మోరియాక్, నోబెల్ పొందిన రచయిత, గట్టి కథోలికుడు. సిలువ వేయబడ్డ మరో యూదుడి గురించి ఈ యువకుడికి చెప్పాల్సింది అని ఆయనకు అనిపించింది. కానీ చెప్పలేదు. ఏడుస్తూ కౌగిలించుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయానని రాశాడు. అక్క తలమీద చెయ్యి పెట్టినప్పుడు ఆ పెద్దాయన గానీ, నేను గానీ ఆ పాటి చేసి ఉంటే చాలు.

వీజెల్ ఆ తర్వాత ఏమయ్యాడు? విశ్వాసాన్ని ఎన్నడూ వదిలేయలేదని తన ఆత్మకథలో చెప్పాడు. దేవుని న్యాయం మీద, మౌనం మీద లేచానని, కానీ ఆ కోపం విశ్వాసం లోపలిదే తప్ప బయటిది కాదని ఆయన మాట. శిబిరంలో ముగ్గురు రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, దేవుని మీద విచారణ జరిపి దోషిగా తేల్చారని, తీర్పు అయ్యాక సాయంకాల ప్రార్థనకు లేచారని, తాను చూశానని చెప్పేవాడు. ఇవన్నీ చదివి, చూశావా, చివరికి నమ్మాడు అనుకుని సంతోషపడకూడదని నాకు నేను చెప్పుకుంటాను. లెవీ నమ్మలేదు. అకీబా డ్రూమర్ నమ్మకుండానే పోయాడు. వాళ్ళ సాక్ష్యం కూడా సాక్ష్యమే.

మళ్ళీ కీర్తన దగ్గరికి వస్తాను. 13వ వచనం: "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును." మన తెలుగులో ఈ మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పెళ్ళిలో ఎదుర్కోలు అంటే స్వాగతం. శత్రువును ఎదుర్కోవడం అంటే పోరాటం. రెండూ ఒకే మాట. ఈ కీర్తన రాసిన హేమాను ప్రార్థన పొద్దున్నే లేచి దేవునికి ఎదురు వెళ్తుంది. హారతి పట్టుకుని వెళ్తోందా, దెబ్బలాడటానికి వెళ్తోందా చెప్పలేం. ఆ వెంటనే 14వ వచనంలో "నీవు నన్ను విడుచుట యేల? నీ ముఖము నాకు చాటుచేయుట యేల?" అని నిలదీస్తాడు. జవాబు రాదు. ఇంకో విషయం, ఈ కీర్తన పైన 'ప్రధాన గాయకునికి' అని ఉంటుంది. అంటే ఇది హేమాను ఒంటరిగా దిండులో తలపెట్టి ఏడ్చుకున్నది కాదు, పదిమందిలో పాడటానికి ఇచ్చింది.

ఈ ఏడు బాబు పోయిన రోజున జ్ఞాపకార్థ కూడిక వద్దంది అక్క. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత, నీకిష్టమైతే ఒకటి చదువుతానన్నాను. తల ఊపింది. 88 మొదటి నుంచి చివరిదాకా చదివి ఆపేశాను.

"మిగతాది?" అంది.

"ఇంతే అక్కా."

కాసేపు అలాగే కూర్చుంది. "ఇది కూడా పాడేవాళ్ళట్రా?"

"పాడేవాళ్ళు. పైన రాగం పేరు కూడా ఉంది. మహలతు లయన్నోతు అని. ఎలా పాడేవాళ్ళో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలియదు."

అక్క బైబిలు తన ఒళ్ళోకి తీసుకుని ఆ పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు పైకి చదివింది.