పదిహేను వందల కేలరీలు తినడం నేర్చుకున్నాను: నా అనుభవం

నిన్న సాయంత్రం రక్తపరీక్ష ఫలితాలు చేతికి వచ్చాయి. గత నవంబరులో 9.4 ఉన్న హిమోగ్లోబిన్ 12.1కి చేరింది. అదే నవంబరులో 79 కిలోల దగ్గర మొండికేసి కూర్చున్న బరువు ఇప్పుడు 72కి దిగింది. ఒకటి పెరిగిందీ రెండోది తగ్గిందీ కడుపు మాడ్చుకుంటే కాదు: డాక్టరుగారి మాత్రలు వేసుకుంటూ, అప్పటికంటే ఇప్పుడు దాదాపు రెట్టింపు తింటూనే. బరువు తగ్గాలని బయలుదేరిన మనిషికి నోరు కట్టుకోవడం కంటే సరిపడా తినడమే కష్టమవుతుందని ఏడాది కిందట ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ కష్టం ఇంకా పచ్చిగా ఉండగానే రాసి పెట్టాలని కూర్చున్నాను.

నాకు 41 ఏళ్లు. తెనాలికి దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఎత్తు 157 సెంటీమీటర్లు. గత జూన్‌లో బడులు తెరిచేనాటికి 88 కిలోలున్నాను. నాలుగు మెట్లెక్కితే మోకాళ్లు పట్టేసేవి. మా వీధి చివర బరువు తగ్గించే కేంద్రం ఒకటి ఉంటే అందులో చేరాను. ఆరు నెలల రుసుము ముందే కట్టించుకున్నారు. ఉదయం, రాత్రి నీళ్లలో కలుపుకొనే పొడి, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, కూర, సాయంత్రం ఒక పండు, మధ్యలో ఆకలేస్తే కీరదోస ముక్కలు, పలుచటి మజ్జిగ. ఆగస్టు చివరికి తొమ్మిది కిలోలు తగ్గాను. అంతవరకూ సాఫీగానే సాగింది.

సెప్టెంబరు నుంచి అంకె కదలలేదు. కదలకపోవడం నా తప్పే అనుకొని కప్పు అన్నాన్ని సగం చేశాను. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. స్టాఫ్ రూములో అందరూ ఫ్యాను కింద కూర్చుంటే నేను కొంగు భుజాల చుట్టూ కప్పుకొని మూల కుర్చీ వెతుక్కునేదాన్ని. రెండు నెలలు నెలసరి రాలేదు. ఇంతలో కార్తీక మాసం వచ్చింది. సోమవారాలు నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ ముట్టకుండా ఉండి, ఆకలన్నదే తెలియకపోవడం నా నిష్ఠకు గుర్తని పొంగిపోయాను. మూడో సోమవారం తొమ్మిదో తరగతిలో పద్యం చదివిస్తూ బోర్డు వైపు తిరిగేసరికి కళ్లకు చీకట్లు కమ్మాయి. తెలివి వచ్చేసరికి ఒక పిల్ల నా తలను ఒళ్లో పెట్టుకొని పరీక్ష అట్టతో విసురుతోంది.

గుంటూరులో డాక్టరుగారు పరీక్షలు చేయించారు. థైరాయిడ్ సవ్యంగానే ఉంది, రక్తం తక్కువగా ఉంది, ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయి. మాత్రలు రాసి, పోషకాహార నిపుణురాలి దగ్గరకు పంపారు. ఆమెకు నా మొదటి శిష్యురాళ్ల వయసు ఉంటుంది. నేను తింటున్నవన్నీ ఒక్కొక్కటే అడిగి కాగితం మీద వేసి కూడితే రోజుకు 850 కేలరీలు దాటలేదు. తరువాత ఆ కాగితాన్ని తిప్పి ఇంకో లెక్క వేసింది. కిలోలలో బరువును పదితోనూ, సెంటీమీటర్లలో ఎత్తును ఆరుంబావుతోనూ హెచ్చవేసి కలిపి, అందులోంచి వయసుకు అయిదు రెట్లు తీసేసి, ఆడవారికి మరో 161 తీసేస్తే వచ్చేదే, మనిషి మంచం దిగకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు నడవడానికి ఒళ్లు ఖర్చు పెట్టుకొనే కేలరీలట. నాకు 1,405 వచ్చింది. బడి, వంట, బస్సు ప్రయాణం కూడా కలుపుకుంటే 1,900 దాటుతుంది. పెద్దగా శారీరక శ్రమ లేని 55 కిలోల స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు కావాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కకట్టిందని చెప్పి, "మీరు అందులో సగంతో 79 కిలోల ఒంటిని నడుపుతున్నారు మేడమ్" అంది. రోజుకు 1,500 తినమంది, అందులో మాంసకృత్తులు 60 గ్రాములు ఉండాలంది. అలా తిన్నా రోజుకు నాలుగు వందల లోటు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా తగ్గుతానని, మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు ఉందని, 800లోపు తిండి వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఎవరూ పెట్టుకోకూడదని వివరంగా చెప్పింది.

తినడమే కదా, అదెంత పని అనుకుంటూ ఇంటికి వచ్చాను. మొదటి రోజు రాత్రి తొమ్మిదిన్నరకు నా లెక్క 1,080 దగ్గర ఆగింది. గొంతు దాకా నిండిపోయినట్టుంది. ఇంకా 420 తినాలి. వంటింటి గట్టు మీది డిజిటల్ త్రాసులో వేయించిన పల్లీలు ముప్పై గ్రాములు తూచి అరచేతిలో పోసుకున్నాను. అవి గుప్పెడు కూడా కాలేదు, కానీ అందులో 170 కేలరీల దాకా ఉంటాయి. ఒక్కొక్క గింజే నోట్లో వేసుకొని నమిలాను. సగం అయ్యేసరికి కడుపులో తిప్పింది. కడుపు ఒక్కటే అడ్డం పడి ఉంటే ఏదో విధంగా నెట్టుకొచ్చేదాన్ని. అంతకు మించి భయం అడ్డం పడింది. అయిదు నెలలుగా ప్రతి ముద్దనూ శత్రువుగా చూడటం నేర్చిన చెయ్యి, ఇప్పుడు మందు వేసుకున్నట్టు తినమంటే వెనక్కి పోయేది. మిగిలిన గింజలను డబ్బాలో పోసి, దీపం ఆర్పి, ఏదో పాపం చేసి తప్పించుకున్నట్టు వెళ్లి పడుకున్నాను. ఆ వారం ఒక్కరోజు కూడా 1,300 దాటలేదు.

పైగా బయట నలుగురి కళ్లూ నా పళ్లెం మీదే ఉండేవి. బడిలో పదకొండింటికి ఉడకబెట్టిన గుడ్డు తీస్తే, "ఏమండీ, డైటింగ్ అయిపోయిందా?" అని అడిగేవారు. మా ఆడపడుచు కూతురి ఓణీల వేడుకలో పంక్తిలో కూర్చున్నాను. ఆ భోజనం మీద 600 కేలరీలు లెక్కపెట్టుకొని వెళ్లాను. పప్పు గరిటె నా విస్తరి మీదకు రాగానే మా ఆడపడుచు, "వదినకు వద్దు బాబూ, ఆమె తగ్గుతోంది" అంది. గరిటె పక్క విస్తరికి వెళ్లిపోయింది. నెయ్యి గిన్నె కూడా నన్ను దాటి వెళ్లింది. ఆమె ప్రేమతోనే అంది, నాకు తెలుసు. కానీ వచ్చిన మనిషికి కొసరి కొసరి వడ్డించడం, వద్దన్నా మారు వేయడం మర్యాదగా బతికే మన ఇళ్లలో, లావుగా ఉన్న ఆడదాని విస్తరి దగ్గరకు వచ్చేసరికి ఆ మర్యాద ఎందుకు ఆగిపోవాలి? ఆకలిని కాక ఒళ్లును చూసి వడ్డించడం నేర్పింది ఎవరు? వడ్డించే ముందు ఆ మనిషిని ఒక్క మాట అడగండి.

ఇంక ఆ శనివారం సంగతి చెప్పాలి. డిసెంబరు మొదటి వారం అది. రుసుము గడువు ఇంకా రెండు వారాలు ఉండటంతో, మంచి చెడ్డలు వారికీ తెలిస్తే ఇంకొకరికి మేలు జరుగుతుందన్న ఆశతో కేంద్రానికి వెళ్లాను. అక్కడ ప్రతి శనివారం కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో తూకం యంత్రం పెట్టి, ఒక్కొక్కరినీ ఎక్కించి అంకెను బయటికి చదువుతారు. తగ్గినవారికి అందరూ చప్పట్లు కొడతారు. జులైలో నాకూ కొట్టారు, అప్పుడు నేనెంతో మురిసిపోయాను. ఆ రోజు యంత్రం 80.6 చూపించింది. పన్నెండు రోజుల్లో కిలో ఆరువందలు పెరిగాను. కేంద్రం నడిపే ఆయన నాకంటే పదేళ్లు చిన్న. ఆ అంకెను ఒకసారి మామూలుగా చదివి, రెండోసారి గొంతు పెంచి చదివాడు. ఆ గుండ్రంలో మా తొమ్మిదో తరగతి పిల్ల తల్లి ఒకామె కూర్చుని ఉంది. "మేడమ్, ఇక్కడ అందరం ఒక కుటుంబం. రాత్రిపూట ఏం తింటున్నారో నిజం చెప్పేయండి" అన్నాడు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లానని, 1,500 కేలరీలు తినమన్నారని, రక్తం 9.4 ఉందని చెప్పబోయాను. మాట పూర్తి కానీయకుండా అందరి వైపూ తిరిగి, "పదిహేను వందలు తింటే ఎవరైనా తగ్గుతారా?" అని అడిగాడు. "తగ్గరు" అన్నారు అందరూ ఒక్కసారిగా. పదిహేడేళ్లుగా పిల్లల చేత అలా ఒక్క గొంతుతో జవాబు చెప్పించిన మనిషిని నేను, ఆ గొంతుల మధ్య తూకం మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను. యంత్రం దిగడానికి కూడా కాళ్లు రాలేదు. మా తొమ్మిదో తరగతి పిల్ల తల్లి మాత్రం పెదవి కదపకుండా తల దించుకుంది. ఆ మేలు నేను మరిచిపోను.

ఇంటికి వచ్చి ఆ రాత్రి ఏమీ తినలేదు. మరునాడు కూడా రెండు గ్లాసుల మజ్జిగతో సరిపెట్టాను. అందరూ ఒక మాట అంటుంటే నేనొక్కదాన్నే వేరొకటి నమ్మడం ఏమిటనిపించింది. మంగళవారం ధైర్యం చేసి నిపుణురాలికి ఫోన్ చేశాను. ఆమె ఓదార్చలేదు, లెక్క చెప్పింది. ఒంట్లో కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చు కంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. పన్నెండు రోజుల్లో కిలో ఆరువందల కొవ్వు చేరాలంటే నేను రోజుకు 2,900 తిని ఉండాలి. "తిన్నారా మేడమ్?" అని అడిగింది. నేను 1,300 కూడా తినలేకపోయాను. చాలాకాలం అర్ధాకలితో ఉన్న ఒంటికి అన్నం దొరికితే కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం నిల్వ చేసుకుంటుందని, ఆ నిల్వ తనతో పాటు దాదాపు మూడు రెట్లు నీటిని పట్టి ఉంచుతుందని, పెరిగింది ఆ నీరేనని చెప్పింది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించాడని కూడా ఆమె ద్వారానే తెలిసింది. వారికి చలి, నీరసం పట్టుకున్నాయి, పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వారికి పెట్టింది రోజుకు సుమారు 1,570 కేలరీలు. శాస్త్రం అర్ధాకలి అని పేరు పెట్టిన ఆ తిండిలో సగంతో నేను బతుకుతుంటే నా చుట్టూ చప్పట్లు కొట్టారు. ఆ కేంద్రం గడప మళ్లీ తొక్కలేదు.

ఆ తరువాత నన్ను నిలబెట్టింది మా అత్తయ్యగారు. అంతవరకూ ఏమీ అనని ఆవిడ, ఫోన్ మాటలన్నీ విని, "బాలింతకు పెట్టినట్టు పెడతానే అమ్మాయ్, కొంచెం కొంచెంగా తిను" అన్నారు. ముందు కీరదోస, మజ్జిగ భోజనం దగ్గర నుంచి తీసేశాం. వంద గ్రాముల కీరదోసలో పదిహేను కేలరీలు కూడా సరిగా ఉండవు, కడుపును మాత్రం నింపేస్తాయి. నీళ్లు తినడానికి అరగంట ముందో వెనకో తాగేదాన్ని. రోజుకు అయిదుసార్లు తిన్నాను. ఉదయం యాభై గ్రాముల పెసలతో అట్టు, అల్లం పచ్చడి. పదకొండింటికి గుడ్డు. మధ్యాహ్నం నీళ్ల పప్పు బదులు ముద్దపప్పు, దాని మీద చిన్న చెంచా నెయ్యి. ఆ చెంచాలో 45 కేలరీలుంటాయి, కడుపులో చోటు మాత్రం అడగదు. సాయంత్రం పాలు, గుప్పెడు పల్లీలు. రాత్రి కందిపొడి అన్నం, గడ్డ పెరుగు. కూరల్లో చెంచాడు నువ్వులపొడి కలిపేవారు. పొడి డబ్బాలకు పోసిన డబ్బుతో ఏడాదికి సరిపడా కందులు, పెసలు వచ్చేవి.

సంక్రాంతి నాటికి వారంలో నాలుగు రోజులు 1,500 అందుకున్నాను. అప్పుడే బరువు మళ్లీ కదిలింది. మార్చికి నెలసరి గాడిలో పడింది, నుదుటి దగ్గర పిల్లల జుట్టులాంటి కొత్త వెంట్రుకలు మొలిచాయి. నెలకు కిలో పైచిలుకు చొప్పున తగ్గుతున్నాను. ఎవరైనా నెలకు అయిదు కిలోలు తగ్గిస్తానని ముందే డబ్బు అడిగితే ఇవ్వకండి. బరువు పొద్దున్నే, మీ ఇంట్లో, ఒంటరిగా చూసుకోండి. నలుగురి మధ్య తూగవలసిన అవసరం ఏ మనిషికీ లేదు. జుట్టు ఊడుతున్నా, చలి వేస్తున్నా ముందు రక్తం పరీక్ష చేయించుకోండి, నాలాగా కళ్లు తిరిగి పడేదాకా ఆగవద్దు. అన్నం మానేయమనే వారిని, అది మానేస్తే బదులుగా ఏం తినమంటారో అంకెల్లో చెప్పమని నిలదీయండి.

రాత్రి భోజనం నాకు ఇప్పటికీ కష్టమే. ఎనిమిదయ్యేసరికి పాత భయం వచ్చి పక్కన కూర్చుంటుంది. నిన్న ఫలితాల కాగితాన్ని అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకొని 12.1 దగ్గర వేలు పెట్టి చదివి, పెరుగు గిన్నె పట్టుకొని వచ్చి, "మారు వేయనా అమ్మాయ్?" అని అడిగారు. వేయమన్నాను. నిన్నటి లెక్క 1,480.